కొత్తవాడ జంఖానా ర్యాంప్ ఎక్కింది, దండం పెట్టాల్సిన వాళ్ళున్నారు

నిన్న రాత్రి పొద్దుపోయాక హైదరాబాద్ నుంచి ఇల్లు చేరాం. కళ్ళు మండుతున్నాయి. సూదులు గుచ్చుకున్న వేళ్ళు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. రేపు రాద్దామంటే సగం మనుషుల్ని మర్చిపోతానని భయమేసి ఇప్పుడే రాస్తున్నాను.

ఫ్యాషన్ షో అయిపోయింది. మన వరంగల్ కొత్తవాడలో నేల మీద పరచడానికి నేసే దళసరి జంఖానా నేతతో నేను డిజైన్ చేసి కుట్టించిన కోట్లు, జాకెట్లు, పొడవాటి గౌన్లు ర్యాంప్ మీద నడిచాయి. ఫొటోలు చూసి మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, తిట్టినవాళ్ళూ ఉన్నారు. మీ మాటల దగ్గరికి వస్తాను. దానికంటే ముందు ఒక పెద్దమ్మ గురించి చెప్పాలి.

షోకు ముందు రోజు సాయంత్రం హనుమకొండలో గాలివాన వచ్చింది. కరెంటు పోయింది. కుట్లు అయిపోయాయి, గుండీలు పడ్డాయి, ఇస్త్రీ ఒక్కటే మిగిలింది. తెల్లవారుజామున వ్యాన్ బయల్దేరాలి. జంఖానా నేత తెలిసిన వాళ్ళకు నా టెన్షన్ అర్థమవుతుంది. ఆ గుడ్డలో పడుగు, అంటే నిలువు దారాలు, కనిపించదు. పైకి కనిపించేదంతా అడ్డంగా వేసే పేకే. పేకను గట్టిగా కొట్టి దగ్గరికి దించుతారు కాబట్టి గుడ్డ దళసరిగా, బిగువుగా వస్తుంది. మేము మామూలుగా వాడేదానికంటే సన్న నూలు వేయించినా ఆ బిగువు పోలేదు, పోకూడదనే నా కోరిక కూడా. కానీ అలాంటి గుడ్డను మడిచి కుడితే కుట్టు దగ్గర అంచు లేచి నిలబడుతుంది. దాన్ని అణచాలంటే వేడి కావాలి, బరువూ కావాలి. మా దగ్గరున్న చిన్న స్టీమర్ కరెంటు ఉన్నా ఆ పని చేయలేదు.

తమ్ముడూ నేనూ మూటలు కట్టి స్కూటీ మీద బయల్దేరాం. వీధి దీపాలు లేవు, రోడ్డు నిండా విరిగిన కొమ్మలు. తెలిసిన రెండు షాపులూ మూసేసి ఉన్నాయి. ఒక సందులో ఇస్త్రీ బండి కనిపించింది, దాని మీద పట్టా కప్పేసి తాడు కట్టి ఉంది. పక్కనే ఇంటి గడపలో పెద్దమ్మ కూర్చొని ఉంది. అంతకుముందు ఆమెను నేను చూసింది లేదు. అడగడానికి నాకు గొంతు రాలేదు, తమ్ముడే అడిగాడు.

"ఎన్నింటికి గావాలె?"

"తెల్లారేసరికి పెద్దమ్మా."

ఫోన్ లైట్ వెలుతురులో మూట విప్పి ఒక కోటు పైకెత్తింది. "ఇది జంఖాన గాదె బిడ్డా? దీన్ని తొడుక్కుంటరా?" అని అడిగింది. అవునన్నాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "నాకైతే నచ్చలే" అంది. అని లోపలికి తిరిగి కోడలిని పిలిచి బొగ్గులు తెమ్మంది.

ఆ రాత్రంతా ఆమె చేసిన పని నేను కళ్ళారా చూశాను. ముందు లోపలి మడత మీద ఇస్త్రీ పెట్టె మూల ఆనించి, రంగు దిగుతుందేమో చూసుకుంది. ఎరుపు, నీలం పక్కపక్కన ఉన్న చోట నీళ్ళు చిలకరించలేదు, పాత పంచె ముక్కను తడిపి బాగా పిండి పరిచింది. ప్రతి కోటునూ తిరగేసి లోపలి వైపు నుంచే ఇస్త్రీ చేసింది, పైన మెరుపు మచ్చలు పడకూడదని. బొగ్గుల పెట్టె మీద భుజం బరువంతా మోపి, దాన్ని కుట్టు మీద ఆపి పట్టేది. వేడి తగ్గితే కోడలు విసిరేది. చదువుకునేటప్పుడు గుడ్డను ఎలా చూసుకోవాలో నాకు చాలామంది చెప్పారు. ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

అయిన కోట్లు పెట్టడానికి నేను నేల మీద ఒక దుప్పటి పరిచాను. ఆమె ఒప్పుకోలేదు. "కొత్త బట్ట, కింద పెట్టద్దు" అని గడప నుంచి బండి దాకా తాడు కట్టించి, ఒక్కొక్కటీ దాని మీద వేసింది. నేను ఏడ్చింది అక్కడే. అంతకుముందు ఎన్ని రోజులు నిద్ర లేకున్నా, ఎవరు ఏమన్నా ఏడవలేదు. ఆమెకు ఆ బట్టలు నచ్చలేదు. నేనెవరో తెలియదు. అయినా నా కోటు నేలకు తగలనివ్వలేదు.

డబ్బులు రోజూ ప్యాంటు షర్టుకు తీసుకునే రేటునే లెక్కగట్టి తీసుకుంది. ఎక్కువ ఇస్తే డబ్బాలో చిల్లర వెతికి తిరిగిచ్చింది. "మంచిగ పోయి రాండ్రి" అంది. పెద్దమ్మా, ఇది నీ దాకా రాదు, నువ్వు ఫోన్ వాడవు. ఈ వారంలోనే వస్తాను. నీ చేతి మడతలు ర్యాంప్ మీద ఒక్కటి కూడా లేవలేదని చెప్పాలి.

ఇక మీ మాటలు. నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. "మా పెళ్ళిలో పందిట్లో పరిచిన జంఖానా గుర్తొచ్చింది, కళ్ళు చెమర్చాయి" అని రాసిన అక్కకు దండం. "వరంగల్ ఎండల్లో ఇవి ఎవరు వేసుకుంటారు" అని అడిగిన వాళ్ళది సరైన ప్రశ్నే. ఇవి చలికాలం కోసం కుట్టినవి, ఎండాకాలానికి ఇంకా సన్న నూలుతో నేయించాలని ఉంది. కొత్తవాడలోనే ఒక పెద్దాయన "కాళ్ళ కింద వేసేదాన్ని ఒంటి మీదికి తెచ్చి మా నేత పరువు తీసినవ్" అన్నారట. ఆయన మీద నాకు కోపం లేదు, జీవితమంతా మగ్గం మీద కూర్చున్న మనిషి. కానీ నేను ఒప్పుకోను. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు మన వరంగల్ తివాచీలు వెళ్ళాయి. అవీ కింద పరిచేవే. కింద పరిచినంత మాత్రాన పనితనం తక్కువైపోతుందా? నేల మీద పరిస్తే ఉన్న గౌరవం భుజం మీద వేసుకుంటే ఎందుకు పోతుంది?

ఎక్కువ గుచ్చుకున్నది ఇంకో మాట. "కష్టం నేతన్నది, పేరు నీదా?" ఇది అడగాల్సిన మాటే, అందుకే సమాధానం చెబుతున్నాను. నేసినవాళ్ళ పేర్లన్నీ రాసి ముందుగానే నిర్వాహకుల చేతికిచ్చాను. స్టేజీ మీద చదువుతామన్నారు. చదవలేదు. నా ఒక్కదాని పేరే చదివారు. షో చూడటానికి మాతో వ్యాన్‌లో వచ్చిన నేతన్నలకు కూర్చోవడానికి కుర్చీ ఇవ్వలేదు, పాసులు అయిపోయాయన్నారు. చివర్లో ఫొటోకు మాత్రం స్టేజీ మీదికి పిలిచారు. ఆ బట్ట నేసిన మనిషి గోడకు ఆనుకొని నిలబడి దాన్ని చూశాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేయి వణుకుతోంది.

ఒక్క షోతో పోయే విషయం కాదిది. వరంగల్ జంఖానాలకు 2018లో జిఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేకమైన సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది, అందరం సంతోషపడ్డాం. 2015 నుంచి ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం చేస్తున్నారు, శాలువాలు కప్పుతున్నారు. మరి మగ్గాల మీద ఉన్నదెవరు? నేను తిరిగిన ఇళ్ళలో ఎక్కువమంది మా తాత వయసువాళ్ళు. కొడుకులు పని కోసం వలసపోయి సూరత్‌లో, భివండీలో ఉన్నారు. నూలు రేటు పెరిగిన రోజు కూలి పెరగదు. హాస్టళ్ళకు సరుకు ఇచ్చిన బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదని చేనేత సొసైటీ పెద్దమనుషులు నాకే చెప్పారు. నూలు మీద సబ్సిడీ కోసం తిరిగిన ఒక అన్నను ఒక ఆఫీసులో ఈ కాగితం, ఆ కాగితం అంటూ తిప్పారు. ఆయన రోజు కూలి పోగొట్టుకొని ఉత్త చేతులతో వచ్చి, ఆ సాయంత్రమే నా గుడ్డ నేయడానికి కూర్చున్నాడు. నా ఇష్టానికి పేక రంగులు మార్చమని అడిగిన ప్రతిసారీ విసుక్కోకుండా మార్చాడు. అన్నా, నీ పేరు నేను చదువుతాను. రాబోయే షోలో మైకు నా చేతిలో ఉంటేనే ఒప్పుకుంటాను.

అమ్మ, బాపు, తమ్ముడు, మీ గురించి ఏం రాయను, మీరున్నారు కాబట్టే నేనున్నాను. చిన్నమ్మ పంపిన సకినాలు వ్యాన్‌లో అందరం తిన్నాం.

పోస్టు పెట్టేద్దామనుకుంటుంటే ఒక్కొక్కరూ గుర్తొస్తున్నారు. వానలో వ్యాన్ మీద పట్టా సరిగ్గా కట్టి, జనగామ దగ్గర మళ్ళీ దిగి చూసిన డ్రైవర్ అన్న. గుండీలు సరిపోకపోతే మూసిన షాపు తెరిచి ఇచ్చిన సేటు. కోటు బరువుకు భుజం ఎర్రబడినా నవ్వుతూ రెండుసార్లు నడిచిన మోడల్ అమ్మాయి. కాజ్‌లు కుట్టిన టైలర్ చాచా, మీ అద్దాల ఫ్రేమ్ విరిగిందన్నారు, దాని సంగతి నేను చూస్తాను.

ఇంకా, మగ్గానికి కావాల్సిన నూలును కండెలుగా చుట్టిన అక్కలు. నేను ఇచ్చిన కాగితంలో కూడా వాళ్ళ పేర్లు లేవు, ఎందుకంటే నేసినవాళ్ళ పేర్లు చెప్పమంటే ఇంట్లో వాళ్ళెవరూ ఆడవాళ్ళ పేర్లు చెప్పలేదు. వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, మధ్యాహ్నమంతా రాట్నం ముందు కూర్చునేది వాళ్ళే. ఎల్లుండి కొత్తవాడ వస్తున్నాను అక్కా. ఇంటింటికీ వచ్చి రాసుకుంటాను, పూర్తి పేరు చెప్పండి.