తొమ్మిదో ఛానల్‌ను ఆపదలో ఉన్నవారికి వదలండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు తుపానుల కాలానికి ఎలా సిద్ధపడాలో చెబుతూ మీరు ప్రచురించిన వ్యాసంలో, సెల్‌ఫోన్లు పనిచేయని వేళ కారులో ఒక సీబీ రేడియో (లైసెన్సు లేకుండా ఎవరైనా దగ్గరి దూరాలకు మాట్లాడుకునే రేడియో) ఉంటే మేలని సలహా ఇచ్చారు. సలహా మంచిదే. అయితే సరిగ్గా అవసరమైన వేళకు ఆ రేడియో అక్కరకు రాకుండా చేస్తున్న ఒక అలవాటు గురించి, అంటే అత్యవసరాలకు కేటాయించిన తొమ్మిదో ఛానల్‌లో దూరపు ఊళ్లతో కబుర్లాడటం గురించి, అందులో ఎక్కడా ప్రస్తావన లేదు. హ్యూస్టన్ శివారులోని కేటీలో ఉంటున్నవాడిగా, హ్యామ్ రేడియో (పరీక్ష రాసి అభిరుచిగా నడిపే రేడియో) లైసెన్సు ఉన్నవాడిగా దాని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

2024 జూలై 8న బెరిల్ తుపాను మా ప్రాంతం మీదుగా వెళ్లింది. హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మా వీధిలో సెల్ సిగ్నల్ కూడా అంతంతమాత్రంగా ఉండడంతో మర్నాడు మధ్యాహ్నం కారులో కూర్చుని సీబీని తొమ్మిదో ఛానల్‌లో పెట్టాను. ఎవరో పెద్దాయన, తన భార్యకు వాడే ఆక్సిజన్ సిలిండరు అయిపోవచ్చిందని, మా వైపు రావడానికి ఏ రోడ్డు మీద నీళ్లు లేవో చెప్పమని అడుగుతున్నారు. తానున్న చోటు పేరు చెప్పబోయేసరికి సన్నటి ఈల మొదలైంది. దాని వెనకే ఎక్కడెక్కడి గొంతులో కలగాపులగంగా వచ్చిపడ్డాయి. సిగ్నల్ బలం చూపే మీటరు ముల్లు కుడివైపు చివరికంటా లేచి అక్కడే నిలిచిపోయింది. మళ్లీ చెప్పండని మూడుసార్లు అడిగాను. నా మాట ఆయనకు చేరిందో లేదో, ఆయనకు దారి దొరికిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

సీబీ పనిచేసేది 27 మెగాహెర్ట్జ్ దగ్గర. చట్టం అనుమతించే శక్తి ఏఎంలో (సీబీలో ఎక్కువగా వాడే ప్రసార పద్ధతిలో) 4 వాట్లు. దానితో ఒక కారు నుంచి ఇంకో కారుకు మామూలుగా నాలుగైదు మైళ్లు మాట వెళుతుంది. కానీ 11 ఏళ్లకోసారి సూర్యుడి మీద మచ్చలు పెరిగే కాలంలో, అలాగే చాలా వేసవి రోజుల్లో, వాతావరణం పైభాగంలోని ఐనో ఆవరణం ఇవే తరంగాలను అద్దంలా తిప్పి కొడుతుంది. అప్పుడు అవి వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. దీన్నే ఇక్కడ స్కిప్ అంటారు. 2024లో సూర్యుడి చురుకుదనం దాదాపు గరిష్ఠ స్థాయిలో ఉంది, పైగా అది జూలై నెల. ఏఎంలో రెండు స్టేషన్ల పౌనఃపున్యాల మధ్య కాస్త తేడా ఉంటే చాలు, ఆ తేడాయే ఈలగా వినిపిస్తుంది. వంద స్టేషన్లు కలిస్తే పక్క వీధి మనిషి మాట కూడా అందులో మునిగిపోతుంది.

ఇందులో ప్రకృతి చేసేది కొంతే. దూరపు ఊళ్లతో మాట్లాడాలన్న సరదాతో కొందరు ప్రసార శక్తిని పెంచే వందల వాట్ల యాంప్లిఫయర్లు తగిలించుకుంటున్నారు. సీబీలో వాటి వాడకం చట్టవిరుద్ధం. 250 కిలోమీటర్లు దాటి మాట్లాడకూడదన్న పాత నిబంధనను ఇక్కడి సమాచార కమిషన్ ఎఫ్‌సీసీ 2017లో ఎత్తేసింది. తరంగం ఎక్కడ దిగుతుందో మాట్లాడేవాడి చేతిలో లేదు కాబట్టి ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. అయితే దాన్ని అన్నిటికీ అనుమతిగా తీసుకోవడం మాత్రం తప్పు. తొమ్మిదో ఛానల్ అత్యవసరాలకు, దారిలో చిక్కుకున్న ప్రయాణికుల సాయానికి మాత్రమేనన్న నిబంధన ఇప్పటికీ అలాగే ఉంది. అది తెలిసి కూడా అక్కడ పలకరింపులు సాగించేవారిని నేను క్షమించలేను.

దూరం మీద మోజు నాకు తెలియనిది కాదు, నేనూ దానితోనే రేడియోలోకి వచ్చాను. పైగా దూరపు మాట ప్రాణాలు కాపాడిన ఉదాహరణ మనవాళ్లదే ఉంది. 2004 డిసెంబరులో హైదరాబాద్ జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం ప్రపంచమంతటితో మాట్లాడటానికే పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. 26వ తేదీన సునామీ వచ్చినప్పుడు, సరదాకు తీసుకెళ్లిన అవే పరికరాలతో వారు అండమాన్ కబుర్లను బయటికి చేరవేశారు. కానీ వారు వాడింది హ్యామ్ బ్యాండ్లను. అక్కడ లైసెన్సు ఉంటుంది, ప్రతి ఒక్కరికీ ఒక కాల్‌సైన్ (గుర్తింపు పేరు) ఉంటుంది, ఆపద కబురు వస్తే మిగతావారు నోరు మూసుకోవాలన్న క్రమశిక్షణ ఉంటుంది.

అందుకే దూరం కావాలనుకునే మన పిల్లలకు, ట్రక్కులు నడిపే మన సోదరులకు నా విన్నపం ఒక్కటే: హ్యామ్ పరీక్ష రాయండి. మొదటి మెట్టయిన టెక్నీషియన్ స్థాయికి 35 ప్రశ్నలే, మోర్స్ కోడ్ 2007 నుంచి అక్కర్లేదు. సీబీకి దగ్గర్లోనే ఉన్న 28.3 నుంచి 28.5 మెగాహెర్ట్జ్ వరకు 200 వాట్లతో చట్టబద్ధంగా మాట్లాడుకోవచ్చు. అదే సూర్యుడు, అదే స్కిప్ అక్కడా ఉంటాయి.

తుపాను రోజుల కోసమే రేడియో కొనే కుటుంబాలు సీబీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. 462 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే జీఎంఆర్‌ఎస్ సెట్లకు (కుటుంబాలు తమలో తాము మాట్లాడుకోవడానికి వాడే రేడియోలకు) ఈ స్కిప్ బెడద లేదు. పరీక్ష లేకుండా 35 డాలర్లకు పదేళ్ల లైసెన్సు ఇస్తారు, అత్తమామలతో సహా ఇంటిల్లిపాదికీ అదే వర్తిస్తుంది. తదుపరి తుపానుల సంచికలో ఈ విషయాన్నీ, తొమ్మిదో ఛానల్ నిబంధననూ మీ పాఠకులకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కేటీ, టెక్సస్