సౌమ్య తర్వాత ఎవరు? తెలంగాణ క్రీడాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ఫుట్‌బాల్ క్రీడాకారిణి గుగులోత్ సౌమ్య మా నిజామాబాద్ జిల్లా అమ్మాయి. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. 2024-25లో దేశంలో మహిళల పెద్ద ఫుట్‌బాల్ పోటీ అయిన ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు కూడా తనకే వచ్చింది. ఆ వార్త చదివి మా ఇంట్లో అందరం ఏడ్చేశాం.

కానీ సార్, ఆ లీగ్‌లో ఆడిన ఎనిమిది జట్లలో తెలంగాణ జట్టు ఒక్కటీ లేదు. మన పిల్ల బతుకుతెరువుకి కేరళకో బెంగాల్‌కో పోవాల్సిందే.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ వింగ్‌లో, అంటే ఎడమ అంచున దాడి చేసే చోట ఆడుతుంది. పోయిన నెల మ్యాచ్‌కి తీసుకెళ్తే, బట్టలు మార్చుకోవడానికి గది లేదు. తోటి పిల్లలు చున్నీలు అడ్డం పట్టుకున్నారు. పది పాసయ్యాక ఎక్కడ ఆడాలి నాన్నా అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియక రోజూ టెన్షన్.

జిల్లాల్లో ఆడపిల్లలకు ఏటా కనీసం నాలుగు నెలలు నడిచే లీగ్ పెట్టించండి. జీతం సరిగ్గా అందే మహిళా కోచ్‌లను వేయండి. గ్రౌండ్‌లో తలుపున్న గది ఒకటి కట్టించండి. ఈ గది మాత్రం ఈ సీజన్‌కే కావాలి సార్.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అమ్మాయి తండ్రి