ఆ రాత్రి డ్యూటీలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ గారికి

పోయిన సంవత్సరం, మా తమ్ముడు లెక్కలు రాసే దుకాణంలో నగదు పోయిందని, విచారణ పేరుతో అతన్ని రాత్రి తొమ్మిదింటికి స్టేషన్‌కు తీసుకువెళ్లారు. ఎప్పుడు పంపుతారో ఎవరూ చెప్పలేదు. అమ్మా నేనూ మెట్ల దగ్గర నిలబడి ఉంటే, మీరు ముందుగా అమ్మకు కుర్చీ వేయించారు. తమ్ముడికి షుగర్ ఉందని తెలుసుకుని, మేము తెచ్చిన ఇడ్లీలనూ మాత్రలనూ స్వయంగా లోపలికి పట్టుకెళ్లి, అతను తిన్నాడని తిరిగి వచ్చి మరీ చెప్పారమ్మా.

ఆ తర్వాత మీరు తెల్లకాగితం మీద రాసి ఇచ్చిన నాలుగు ముక్కలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి: ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదనీ, అరెస్టు, విచారణ పద్ధతులను చెప్పే చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) సెక్షన్ కింద నోటీసు ఇచ్చి పిలవవచ్చనీ, అరెస్టే చేస్తే కారణం చెప్పి ఇంట్లోవాళ్లకు తెలియజేయాలనీ, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలనీ. బంధువులకు తెలపాలన్న నియమం 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పినదేనని మా న్యాయవాది తరువాత వివరించారు. అయినా, ఆ మాట అదే స్టేషన్‌లో పనిచేస్తూ మాకు చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు.

ఆ కాగితం చూసుకుంటూ నేను ఎస్సై గారిని నోటీసు అడిగాను. అర్ధరాత్రి దాటాక తమ్ముడు మాతో ఇంటికి వచ్చాడు. రెండు వారాలకు సీసీ కెమెరా దృశ్యాలు అతనికి సంబంధం లేదని తేల్చాయి. మీకు ఇబ్బంది రాకూడదనే పేరు రాయడం లేదు. అమ్మ మీకు నమస్కారాలు చెప్పమంది.