పెంకుటింటికి ఎమల్షన్ వెయ్యకు

ఒరేయ్ సూరీ,

ఉత్తరం అందింది. పాత పెంకుటింటికీ, వెనక కట్టిన కొత్త గదికీ, గ్రిల్‌కీ కలిపి షాపులో అన్నిటికన్నా ఖరీదైన రంగు ఒకటే కొనేస్తానని రాశావు. ఆగరా బాబూ! సున్నపు గోడ, సిమెంటు గోడ, ఇనుము... ఒకదానికి పడింది ఇంకోదానికి పడదు.

ముందు పెంకుటిల్లు చూద్దాం. అలాంటి పాత గోడల పునాదిలో చెమ్మని ఆపే పొర సాధారణంగా ఉండదు. నేలలో నీళ్లు ఇటుకలు పట్టుకుని పైకి ఎక్కుతూనే ఉంటాయి, గోడ మీంచి ఆరిపోతూనే ఉంటాయి. ఇన్నేళ్లూ వెల్ల వేశారు కాబట్టి సరిపోయింది, సున్నం ఆవిరిని ఆపదు. ఎమల్షన్ అంటే యాక్రిలిక్, ఒకరకం ప్లాస్టిక్ పొర. అది వేశావంటే తేమ దాని వెనకే చిక్కుకుంటుంది. ముందు గోడ అడుగున పొక్కులు, తర్వాత పెచ్చులు. అప్పుడు రంగు నాసిరకమని పెయింటరూ, పని నాసిరకమని షాపువాడూ అంటారు. ఇద్దరిదీ తప్పు కాదు, నీదే.

కాబట్టి దానికి వెల్లే వేయించు. కిలో రాతిసున్నానికి 5 లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ బకెట్‌లో మాత్రం వద్దు, సున్నం కుతకుత ఉడికి బకెట్ వంకర తిరిగిపోతుంది. ఒక రోజు నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, కాస్త బంక, చిటికెడు నీలిమందు కలపాలి. గోడ తడిపి, పల్చగా మూడు పూతలు వెయ్యాలి. ఒకే పూతలో చిక్కగా లాగించేస్తే బీటలిచ్చి రాలుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అసలు వెయ్యకు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని గట్టిపడాలి, దానికి కాస్త తడి ఉండాలి. ముందే ఆరిపోతే ఆనుకున్న ప్రతివాడి చొక్కాకీ అంటుతుంది. కలిపేవాడి కళ్లకి అద్దాలు తప్పనిసరి.

ఇక కొత్త గది. ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం 28 రోజులు గోడ జోలికి పోకు, వానాకాలమైతే ఇంకా ఎక్కువే పడుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే రెండడుగుల పాలిథిన్ ముక్కని గోడకి పెట్టి నాలుగంచులా టేపు గట్టిగా అంటించు. ఒక రోజు తర్వాత లోపల నీటి బొట్లు కనబడితే ఇంకా ఆగాలి. తెల్లగా ఉప్పు పొంగి ఉంటే పొడి బ్రష్‌తో దులుపు. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

గోడ నునుపు చేసే లప్పం (పుట్టీ) తెల్లసిమెంటుదే తీసుకో. రెండు పూతలు, ఒక్కోటి 1.5 మిల్లీమీటర్లు దాటకూడదు. గుంటలన్నీ లప్పంతోనే పూడ్చేద్దామంటాడు మేస్త్రి, ఒప్పుకోకు. మందమైతే పగులుతుంది, గుంటల్ని సిమెంటుతోనే సరిచేయించు. లప్పం ఆరాక ఎమరీ కాగితంతో రుద్ది, దుమ్ము పూర్తిగా తుడిచి ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే మొదటి పూత) వెయ్యాలి. చాలామంది ఆ దుమ్ము దగ్గరే బద్ధకిస్తారు. దుమ్ముకి అంటిన రంగు దుమ్ముతోనే ఊడొస్తుంది.

నీ 12x10 అడుగుల గదికి, ఎత్తు 10 అడుగులు అనుకుంటే, తలుపూ కిటికీలూ తీసేసి గోడలు సుమారు 380 చదరపు అడుగులు. ఎమల్షన్ లీటరుకి ఒక పూత 120 నుంచి 140 చదరపు అడుగుల దాకా వస్తుంది. రెండు పూతలకి 6 లీటర్లు చాలు. పూతకీ పూతకీ మధ్య నాలుగు గంటలు ఆగాలి. నీళ్లు ఎంత కలపాలో డబ్బా మీదే ఉంటుంది. ఎక్కువ పోస్తే రంగు మిగులుతుంది గానీ గోడ కప్పుకోదు. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే మ్యాట్ తీసుకో, మెరిసే రకం ప్రతి మిట్టనీ లైటు వెలుతురులో చూపిస్తుంది. వంటింట్లో మాత్రం మెరుపు ఉన్నదే మేలు, జిడ్డు తుడవచ్చు. బయటి గోడకి బయటి రకం ఎమల్షనే వెయ్యి. లోపలి రకంలో ఎండకీ బూజుకీ తట్టుకునే మందు ఉండదు. డిస్టెంపర్ చవకే, కానీ తడిగుడ్డ తగిలితే కరుగుతుంది. స్టోరు గదికి చాలు.

గ్రిల్‌కి ఎనామిల్ (నూనె రంగు) వేయించు. మీ ఊరు సముద్రం పక్కనే కాబట్టి ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగించి, ఆరాక తుప్పు గోకించి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ (ఇనుముకి వేసే ప్రైమర్) పూయించు. రాత్రంతా వదిలేస్తే సన్నటి తుప్పు మళ్లీ పడుతుంది. మిగిలిన ఎనామిల్‌ని కొత్త సిమెంటు గోడకి కొట్టేద్దామనుకునేవు! సిమెంటులోని క్షారం నూనెని సబ్బులా మార్చేస్తుంది, రంగు జిగురుజిగురుగా ఊడుతుంది.

పెంకుటింటి తలుపుల పాత రంగుని పొడిగా గీకించొద్దు. సీసం విషం, ఇళ్ల రంగుల్లో అది 90 పీపీఎం (పది లక్షల్లో 90 భాగాలు) దాటకూడదన్న నియమం 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. పాత పొరల్లో ఎంతుందో చెప్పలేం కాబట్టి తడిపి రుద్దించి, ఆ మడ్డిని కాగితంలోకి ఎత్తి పారేయించు. అప్పుడు పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకు.

కొనేటప్పుడు ఒకే బ్యాచ్ నంబరు డబ్బాలు అడుగు. దొరక్కపోతే అన్నీ పెద్ద డ్రమ్ములో పోసి కలిపి వాడు, లేకపోతే గోడ మధ్యలో ఛాయ తేడా వస్తుంది. గ్రిల్ కొలతలు రాయి, ఎనామిల్ ఎంత పడుతుందో లెక్క వేసి పంపుతాను.

నీ,
శీను