ముప్పు దానంతటది తప్పదు

సంపాదకులకు,

విమానంలో పగులు కనబడి సర్వీసు ఆపేశారంటే చాలు, మీ పత్రికలో శీర్షిక ఒకటే: ‘తప్పిన పెను ముప్పు’. ఇరవై ఎనిమిదేళ్లు హ్యాంగర్లలో ఆ పగుళ్లు వెతికి రిటైరైనవాణ్ని. ముప్పు దానంతటది తప్పదండీ, ఎవరో ఒకరు తప్పిస్తారు.

పగలు విమానం ఎగరాలి కాబట్టి మాకు ఎక్కువగా రాత్రి డ్యూటీలే. పెన్ను లాంటి ఎడ్డీ కరెంట్ ప్రోబ్‌ను రివెట్ చుట్టూ తిప్పుతూ తెర మీదే కళ్లు పెట్టాలి. ప్రోబ్‌లోని తీగచుట్ట అల్యూమినియంలో కరెంటు సుడులు పుట్టిస్తుంది. పగులు అడ్డొస్తే సుడి చెదిరి తెర మీద చుక్క లేస్తుంది. చెయ్యి కాస్త వంకరపోయినా లేస్తుంది, అదో తంటా. అందుకే కావాలని సన్నటి గాటు పెట్టిన అల్యూమినియం ముక్క మీద మాటిమాటికీ సరిచూసుకుంటాం. ఒక రివెట్ అయ్యాక పక్కది, మళ్లీ దాని పక్కది, అలా వందలు.

ఒకసారి తెల్లవారుజామున మూడింటికి చుక్క లేచింది. మూడుసార్లు చూశాను, అదే చోట. పెయింటు తీసి, ఎర్ర రంగు ద్రవం పూసి, పావుగంట ఆగి తుడిచి, తెల్ల పొడి కొట్టాం. కాసేపటికి తెలుపు మీద పారాణి గీతలా పైకి ఊరింది. గోరంత కూడా లేదు. ఆ విమానం ఆగిపోయింది. మర్నాడు పేపర్ చూసి మా బావమరిది, “ఏంటి బావా, మీవాళ్లకింత నిర్లక్ష్యమా?” అన్నాడు!

ముప్పు తప్పకపోతే ఎలా ఉంటుందో 1988 ఏప్రిల్ 28న హవాయిలో తెలిసింది. అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737కు 24,000 అడుగుల ఎత్తున సుమారు 18 అడుగుల పైకప్పు ఊడిపోయింది. ఎయిర్‌హోస్టెస్ ఒకామె గాల్లో కొట్టుకుపోయింది. అప్పటికి ఆ విమానం 89,680 సార్లు ఎగిరి దిగింది. రేకుల అతుకుల్లో, రివెట్ల వరసలో పగుళ్లున్నా తనిఖీల్లో దొరకలేదు. ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలికి తలుపు దగ్గర పగులు కనబడిందట, ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి నా మనవి చిన్నది. ఇలాంటి వార్త వేసినప్పుడు, పగులు ఏ తనిఖీలో, ఎలా దొరికిందో ఒక్క వాక్యం కలపండి. ముందటి తనిఖీలో మేం వదిలేసినదని తేలితే మాత్రం మొహమాటం వద్దు, ఉతికి ఆరేయండి.

– ఒక రిటైర్డ్ ఎన్‌డీటీ (భాగాలను పాడుచేయకుండా లోపాలు వెతికే పరీక్ష) ఇన్‌స్పెక్టర్, సికింద్రాబాద్