బూట్లు వేస్తున్నారా అని అడగడం మానేశాను

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో "పిల్లల కాళ్లకి సిమెంటు కట్లు వేసే చోట నీకు రీసెర్చ్ ఏంట్రా, రాకెట్లేమైనా వదులుతున్నారా" అని నవ్వావు చూడు, అప్పుడు జవాబు చెప్పకుండా పెట్టేశానని ఏమీ అనుకోకు. ఆ టైముకి నా ఒళ్లో ఎవరి పిల్లాడో ఉన్నాడు, వాళ్లమ్మ ఎక్స్‌రే లైన్లో ఉంది, నా చొక్కా అప్పటికే తడిసింది. నిలబడి చెప్పే సంగతి కూడా కాదు. ఇవాళ ఆదివారం, కూర్చుని రాస్తున్నా. పెద్దదే అవుతుంది, టీ పెట్టుకుని చదువు.

మా దగ్గరకి ఎక్కువగా వచ్చేవి వంకర పాదాలు, క్లబ్ ఫుట్ అంటారు. పుట్టేసరికే పాదం లోపలికి తిరిగిపోయి, మడమ పైకి లాక్కుపోయి ఉంటుంది. వెయ్యి మందిలో ఒకరిద్దరికి వస్తుంది, ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో రెట్టింపు, దాదాపు సగం మందికి రెండు కాళ్లకీ. చాలామందిలో కారణమేదీ దొరకదు. మన ఊళ్లలో మాత్రం కారణం రెడీగా ఉంటుంది కదా, గ్రహణం రోజు బయటికొచ్చిందనో, కత్తిపీట పట్టుకుందనో తల్లి మీదకి తోసేస్తారు. అందుకే మా డాక్టరమ్మ మొదటి రోజు పాదం ముట్టుకునే ముందు, పక్కనున్న అత్తగారికి వినపడేలా గట్టిగా "ఇందులో ఈ అమ్మాయి తప్పేం లేదు" అంటుంది. ఆ మాట కేస్ షీట్లో ఎక్కడా రాయం గానీ, ఆ తల్లి ముఖం చూస్తే నీకే తెలుస్తుంది.

బుధవారం మా కట్ల రోజు. ఒకసారి వచ్చి చూడరా, అబద్ధం కాదు, సంతలా ఉంటుంది. ఒక మూల టబ్బుల్లో గోరువెచ్చటి నీళ్లు, అందులో పిల్లల పాత కట్లు నానుతుంటాయి. ఇంట్లో ముందు రోజే నానబెట్టి తీసేసుకురావద్దంటాం, ఒక్క రాత్రి కట్టు లేకపోయినా వచ్చిన మార్పు కొంత వెనక్కి పోతుంది. పిల్లాడికి బాగా ఆకలేసేదాకా ఆగి, కట్టు వేసేటప్పుడే పాలు పట్టిస్తాం. పాలు తాగినంతసేపూ కాలు అలా వదిలేస్తాడు. డాక్టరమ్మ ఒక బొటనవేలు చీలమండకి ముందు, బయటి వైపు బఠాణీ గింజలా తగిలే ఎముక మీద పెట్టి, రెండో చేత్తో పాదం ముందు భాగాన్ని మెల్లిగా బయటికి తిప్పుతుంది. బలం పెట్టడం ఉండదు, ఎంత వస్తే అంతే. పక్కన నేను దూది రోలు చుట్టి, పిండి కట్టు తొడ దాకా, మోకాలు మడిచి వేస్తాను. మోకాలి కింద ఆపేస్తే కట్టు జారిపోతుంది, లోపల తిప్పి పెట్టిన ఎముక నిలబడదు. వేళ్లు బయటికి కనిపించాలి. ఇంటికెళ్లాక వేళ్లు లోపలికి పోయినట్టు కనిపించినా, రంగు మారినా, వారం దాకా ఆగొద్దు, వెంటనే పరిగెత్తుకు రమ్మంటాం.

ఇలా వారానికొకటి చొప్పున ఐదారు కట్లు. ఒక నాన్న పాత కట్లన్నీ దాచుకుని, చివరి వారం బల్ల మీద వరసగా పెట్టి ఫోటో తీసుకున్నాడు. మొదటిది కొడవలిలా, చివరిది మామూలు మేజోడులా. నాకు తెలిసి మా క్లినిక్‌లో దాని కంటే మంచి చార్ట్ లేదు.

ఆ తర్వాత కూడా మడమ కిందికి రాకపోతే, ఎక్కువ మందికి రాదు, మడమ వెనక లావుగా ఉండే స్నాయువుని, మన వాళ్లు నరం అనేస్తారు, సన్నటి బ్లేడుతో చిన్న గాటు పెట్టి తెంపుతారు. తెగిన క్షణం డాక్టర్ చేతికి పుటుక్కుమని తెలుస్తుంది. మూడు వారాలు కట్టులో ఉంచితే అదే అతుక్కుని సరిపడా పొడుగవుతుంది. పిల్లలు కాసేపట్లో మరిచిపోతారు, బయట నాన్నలే కళ్లు తిరిగి కూర్చుంటారు. అక్కడితో అయిపోతే నాకు ఉద్యోగమే లేదు. అసలు కథ బూట్లది. రెండు బూట్లు, మధ్యలో రాడ్డు, పాదాలు బయటికి తిరిగి ఉండేలా. మూడు నెలలు రోజుకి 23 గంటలు, తర్వాత నాలుగైదేళ్లు వచ్చేదాకా రాత్రిళ్లు. కట్లతో వచ్చిన పాదం మళ్లీ తిరిగిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఈ బూట్లు వేయకపోవడమేనని ఎన్నో స్టడీల్లో తేలింది.

ఈ పద్ధతి కనిపెట్టినాయన ఇగ్నాసియో పొన్సేటి. స్పెయిన్‌లోని మెనోర్కా దీవిలో 1914లో పుట్టాడు, గడియారాలు బాగుచేసే ఆయన కొడుకు. అంతర్యుద్ధంలో గాయపడిన సైనికులకి వైద్యం చేశాడు, తన పక్షం ఓడిపోయాక ఫ్రాన్సుకి, అక్కణ్ణించి మెక్సికోకి, 1941లో అమెరికాలో అయోవాకి చేరాడు. నాకు నచ్చింది ఆయన అక్కడ చేసిన మొదటి పని. అప్పట్లో వంకర పాదాలకి పెద్ద ఆపరేషన్లు చేసేవాళ్లు. ఈయన, తన పెద్ద డాక్టర్ ఎప్పుడో ఆపరేషన్ చేసి పంపేసిన వాళ్లని తిరిగి పిలిచి చూశాడు. పాదాలు బిగుసుకుపోయి, మచ్చలతో, నొప్పితో ఉన్నాయి. ఆపరేషన్ రోజు అందంగా కనిపించిన పాదం ఏళ్లు గడిచేసరికి అలా తయారైంది. మళ్లీ పిలవకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కోయకుండా ఎలా తిప్పాలో అక్కణ్ణించే మొదలుపెట్టాడు.

1963లో తన ఫలితాలు అచ్చువేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఏడాదో రెండేళ్లో కాదు బావా, ముప్పై ఏళ్లు! 1995లో అయోవా వాళ్లే, చిన్నప్పుడు ఈ వైద్యం చేయించుకున్న 45 మందిని వెతికి పట్టుకుని చూశారు, అప్పటికి వాళ్ల సగటు వయసు 34. నూటికి 78 మంది పాదాలు బాగా పనిచేస్తున్నాయి. పక్కన పోల్చడానికి ఏ లోపం లేకుండా పుట్టిన 97 మందిని కూడా చూస్తే, వాళ్లలో బాగున్నవాళ్లు 85 శాతం. అంటే తేడా అంతే. అప్పుడు కూడా డాక్టర్ల కంటే ముందు కదిలింది తల్లిదండ్రులు, అప్పుడప్పుడే ఇంటర్నెట్ వస్తోంది, ఒకరికొకరు రాసుకుని ఆ ముసలాయన దగ్గరకి పిల్లల్ని ఎత్తుకెళ్లారు. అమెరికాలో ఏడాదిలోపు పిల్లల్లో వంకర పాదాలకి పెద్ద ఆపరేషన్లు 1996లో నూటికి డెబ్బై పైచిలుకు ఉంటే, 2006కల్లా పది పైచిలుకుకి పడిపోయాయి. ఆయన 2009లో పోయాడు, 95 ఏళ్ల వయసులో. మన దగ్గర 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే, పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ పథకంలో పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో వంకర పాదం కూడా ఉంది, ఊళ్లో ఆశా కార్యకర్త చూసి పంపిన పిల్లలు మా దగ్గరకి చాలామందే వస్తారు.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తా. నా ఉద్యోగం పేరు రీసెర్చ్ కోఆర్డినేటర్, నిజానికి ఫోన్లు చేసేవాణ్ణి. పొన్సేటి పాత పేషెంట్లని పిలిచినట్టే, మా రిజిస్టర్లో బూట్లు ఇచ్చాక పక్కన ఖాళీగా ఉన్న పేర్లకి ఫోన్ చేసి ఏమయ్యారో కనుక్కోవడం. రిజిస్టర్ తీసిన మొదటి రోజు కళ్లు తిరిగాయి, అన్ని ఖాళీలు. అందులో ఒక ఖాళీ నేను చేసిందే. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పాడేరు వైపు నుంచి ఒకావిడ రెండు బస్సులు మారి వచ్చేది. బాబు పాదం చక్కగా వచ్చింది, బూట్లు ఇచ్చాం. నెల తర్వాత వచ్చినప్పుడు బూట్లు చూస్తే కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి, బెల్టు రంధ్రం దగ్గర ముడత కూడా పడలేదు. వేస్తున్నావా అమ్మా అంటే, వేస్తున్నా సార్ అంది. నేను బెల్టు ఎత్తి చూపించి, హాలు నిండా జనం ఉండగా కేకలేశాను. ఇంత కష్టపడి కట్లు వేస్తే అంతా బూడిదలో పోశావన్నాను. ఆవిడ తలొంచుకుని బూట్లు సంచిలో పెట్టుకుంది. మళ్లీ రాలేదు.

ఏడు నెలల తర్వాత ఆ ఖాళీ దగ్గరకి వచ్చాను. భర్త నంబరు స్విచాఫ్. ఆశా కార్యకర్త ద్వారా దొరికింది. నాలుగో రాత్రే మడమ మీద నీటి బొబ్బ లేచిందట, చీము పట్టిందని తీసేసిందట. మరి ఆ రోజు చెప్పలేదేంటమ్మా అన్నాను. "చెబుదామనే వచ్చాను సార్, మీరు తిట్టారు కదా" అంది. కోపంగా కూడా అనలేదురా. బొబ్బ ఎందుకు లేచిందో తెలుసా, మడమ కిందికి దిగకుండానే బెల్టు బిగించేసింది. బూటు వెనక చిన్న కిటికీ లాంటి రంధ్రం ఉంటుంది, అందులోంచి మడమ కనపడాలి. అది చూసుకోమని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. ఇచ్చిన కాగితంలో ఉంది, ఆ కాగితమేమో ఇంగ్లీషులో.

అప్పటి నుంచి "బూట్లు వేస్తున్నారా" అని అడగడం మానేశాను. దానికి ఎవరైనా అవుననే అంటారు. "ఈ వారం ఎన్ని రాత్రులు వేయడం కుదరలేదమ్మా" అని అడుగుతున్నా. ఇక చూడు, కథలు బయటికొస్తాయి. ఒకరింట్లో రాడ్డు గోడకి తగిలి టకటకమని చప్పుడట, ఓనరు ఖాళీ చేయమన్నాడు. ఒకచోట నాన్నమ్మ పొద్దుగూకాక విప్పేస్తుంది, పసివాడికి సంకెళ్లేంటని. ఇంకో తాత పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దామంటున్నాడు, తప్పు పట్టలేం, ఆ ఇంట్లో ఎవరి చెయ్యో విరిగితే అక్కడే బాగైందట, విరిగిన ఎముక వేరు ఇది వేరని కూర్చుని చెప్పాలి. ఫోన్లు రాత్రి ఏడు దాటాకే చేస్తున్నా, పగలు అందరూ పనిలో ఉంటారు. ఒక్కో పిల్లాడికి మూడు నంబర్లు రాసుకుంటున్నా, సిమ్ములు మారిపోతాయి కానీ మేనమామ నంబరు మారదు.

బూట్లు ఇచ్చిన మూడో రోజే ఒక ఫోన్ చేస్తే బొబ్బ దశలోనే దొరికిపోతుందని నాకు అనిపించింది. డాక్టరమ్మతో చెప్తే, "నీకు అనిపిస్తే చాలదు నాయనా, లెక్క తేలాలి" అంది. అందుకే స్టడీ. కొందరికి మూడో రోజు ఫోన్, కొందరికి మామూలు పద్ధతి, ఎవరికి ఏదో మన ఇష్టం కాదు. ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన అంగీకార పత్రంలో ఎవరో "యాదృచ్ఛిక కేటాయింపు" అని రాశారు, ఒక తల్లి అది చదివించుకుని "మా వాడి మీద ప్రయోగాలు చేస్తారా" అని లేచిపోయింది. మార్చి "చీటీ తీసినట్టు" అని రాశాను, ఇప్పుడు అందరికీ అర్థమవుతోంది.

పెద్ద పిల్లలతో ఇంకో తంటా. ఏడేళ్లు దాటిన వాళ్లని స్టడీలో చేర్చుకోవాలంటే వాళ్లని కూడా అడిగి ఒప్పించాలన్నది, మన దేశంలో వైద్య పరిశోధనల్ని చూసే ఐసీఎంఆర్ పెట్టిన నియమం. మణికట్టు ఎముక కొంచెం నొక్కుకుపోయిన పిల్లల్ని చూసే ఇంకో పని కూడా మా దగ్గర నడుస్తోంది. ఇంగ్లండ్ వైపు 965 మంది పిల్లల మీద చేసి 2022లో తేల్చారు, అలాంటి నొక్కుడుకి గట్టి కట్టు అక్కర్లేదు, మెత్తటి బ్యాండేజీ ఇచ్చి ఇంటికి పంపినా మూడో రోజుకి నొప్పి ఒకేలా ఉందని. నేను ఒక ఎనిమిదేళ్ల వాడికి నొప్పి ఎంతుందో చూపించడానికి నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా ఉన్న బొమ్మల కాగితం ఇచ్చి పది నిమిషాలు వివరిస్తే, మొత్తం విని "ఇంజెక్షన్ ఉందా లేదా, అది చెప్పు" అన్నాడు. లేదంటే సరే అన్నాడు. నా జన్మలో అంత సూటి అంగీకారం చూడలేదు.

వెన్ను పక్కకి వంగే పిల్లలకి బెల్టు పెడతారు కదా, అది పనిచేస్తుందా అని ఎన్నేళ్లో వాదించుకున్నారు. 2013లో అయోవా నుంచే వెయిన్‌స్టీన్ అనే ఆయన తన బృందంతో తేల్చాడు. బెల్టు పెట్టిన వాళ్లలో 72 శాతం మందికి ఆపరేషన్ దాకా ముదరలేదు, ఊరికే చూస్తూ ఉన్న వాళ్లలో 48 శాతం. కానీ నన్ను పట్టుకున్నది ఆ అంకె కాదు. బెల్టులో ఒంటి వేడిని పట్టే చిన్న పరికరం పెట్టి, నిజంగా ఎన్ని గంటలు వేసుకున్నారో చూశారు. ఎక్కువ గంటలు వేసుకున్న వాళ్లకే ఎక్కువ ఫలితం. మా బూట్లలో అలాంటిది పెట్టే డబ్బు మాకు లేదనుకో. ఉన్నా ముందు ఆ పాడేరు ఆవిడ లాంటి వాళ్లని అడిగే పెడతాను.

ఆవిడ వచ్చింది, అది చెప్పనే లేదు కదూ. పాదం సగం వెనక్కి తిరిగింది, మళ్లీ మూడు కట్లు పడ్డాయి. సారీ అమ్మా అన్నాను, ఆవిడ ఇబ్బందిగా నవ్వి పిల్లాణ్ణి నాకిచ్చి టీ తాగడానికి వెళ్లిపోయింది. ఈసారి బూట్లు వేశాక కిటికీలోంచి మడమ ఆవిడే నాకు చూపించింది.

ఇప్పుడు నీతో పని. రేపు ఎవరికి మూడో రోజో ఫోన్ మీద గుర్తుచేసేలా, ఎవరు రాలేదో ఎర్రగా కనిపించేలా ఎక్సెల్లో ఒకటి చేసిపెట్టరా. తెలుగులో టైప్ చేస్తే మా ప్రింటర్ డబ్బాలు డబ్బాలుగా ఇస్తోంది, అది కూడా చూడు, బూట్ల కాగితం తెలుగులో రాసి రెడీగా పెట్టాను. దసరాకి వస్తావుగా, మంగళవారం రాత్రికి దిగేలా టికెట్ తీసుకో. పాత చొక్కా తెచ్చుకో.

నీ
సిమెంటు కట్ల రాకెట్ సైంటిస్టు