కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: పెద్దాసుపత్రి పక్కన మన ఇళ్లు

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని బైలాలో ఉంది కాబట్టి రాస్తున్నాను. చదివేటప్పుడు సగం మంది చాయ్ దగ్గరే ఉంటారని తెలుసు కాబట్టి ముందే పంపిస్తున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పేదేం లేదు. ఈ ఏడాది మాత్రం మోరీలు, కుక్కలు, వీధి లైట్ల పంచాయితీ కాస్త వెనక్కి పోయి పనంతా వరంగల్‌లో మన పక్కనే కడుతున్న కొత్త పెద్దాసుపత్రి చుట్టూనే తిరిగింది.

కొత్తగా కిరాయికి వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి, కేఎంసీ (కాకతీయ మెడికల్ కాలేజీ)ల పక్కన 1886 నాటి సెంట్రల్ జైలు ఉండేది. దాన్ని 2021లో కూలగొట్టారు, అదే ఏడాది జూన్ 21న అక్కడే ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. 24 అంతస్తులు, 2000 పడకలు అన్నారు, డిసెంబర్‌లో 1,100 కోట్లు మంజూరయ్యాయి, ఆ తర్వాత అంచనా పెరిగింది, గడువు జరుగుతూ వచ్చింది, ఈ నివేదిక కాలం ముగిసిన 2025 మార్చి నాటికి కూడా ఆసుపత్రి తెరుచుకోలేదు.

మనం ఆసుపత్రికి అడ్డం కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా కొందరు మనల్ని అడ్డంపడే బ్యాచ్‌లోనే జమకడుతున్నారు. ములుగు, భూపాలపల్లి, మానుకోట, జనగామ నుంచి, ఇంకా పైన గడ్చిరోలి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా ఎంజీఎంకు వచ్చే జనాన్ని రోజూ చూసే మనకు ఇంకో ఆసుపత్రి ఎందుకని ఎట్లా అనిపిస్తుంది? మన బాధల్లా ఒకటే, పడకలు లెక్కపెట్టినవాళ్లు పడక పక్కన కూర్చునేవాళ్లను లెక్కపెట్టలేదు. ఒక పేషెంటుకు ఒక్క అటెండెంటు అనుకున్నా 2000 మంది అవుతారు. వీళ్లు రాత్రి ఎక్కడ పడుకోవాలి, పొద్దున స్నానం ఎక్కడ చేయాలి, బువ్వ ఎక్కడ తినాలి? నర్సులు, టెక్నీషియన్లు, వార్డుల్లో చేసే ఔట్‌సోర్సింగ్ వాళ్లు ఎక్కడ ఉండాలి? ఈ ప్రశ్నలకు జవాబు ఏ కాగితం మీదా లేకపోతే వాళ్లంతా మన గల్లీల్లోకే వస్తారు, ఇప్పటికే వస్తున్నారు కూడా.

ఏం జరుగుతోందో చూస్తూనే ఉన్నారు. రెండు పోర్షన్ల ఇల్లు ఆరు రూములవుతోంది, డాబా మీద రేకుల షెడ్డు వేసి రోజు కిరాయికి ఇస్తున్నారు, కింద ల్యాబు, పక్కన మెడికల్ షాపు. ఇంటి పర్మిషన్లకు ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ పద్ధతి టీజీ బీపాస్‌లో 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి మన సొంత ధ్రువీకరణ మీదే వెంటనే పర్మిషన్ వస్తుంది. మంచి సౌకర్యమే, ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పింది. కానీ ఇల్లని పర్మిషన్ తీసుకుని హాస్టల్ నడిపితే మళ్లీ వచ్చి చూసేవాడు లేడు. ఇంట్లో ఐదుగురికి సరిపోయే సెప్టిక్ ట్యాంకు ముప్పై మందికి ఆగుతుందా? అది మోరీలోకి, మోరీ నాలాలోకి. 2023 జులై వానలకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఇంకా గోడల మీద చార కనబడుతోంది. హాస్టళ్లు పెట్టినవాళ్లలో మన సంఘం సభ్యులూ ఉన్నారు, పేర్లు రాయను, వాళ్లకు తెలుసు. కిరాయి పైసలు ఎవరికి చేదు, కనీసం ట్యాంకు పెద్దది కట్టుకోండి అన్నా.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకునే పని, ముగ్గు పటం. సంక్రాంతి ముందు ఆదివారం కమ్యూనిటీ హాల్ ముందున్న ఖాళీ జాగాలో కాలనీ మొత్తాన్ని ముగ్గుపిండితో నేల మీద గీశాం. ఆలోచన మహిళా విభాగం వాళ్లది, ఈ మాట మగవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. పొద్దున్నే కళ్లాపి చల్లి, చుక్కల ముగ్గుకు కొలిచినట్టే అడుగులతో కొలిచి గల్లీలు వేశారు. మోరీలకు నీలం రంగు, 2023లో నీళ్లు నిలిచిన ఇళ్లకు ఎర్ర రంగు, హాస్టళ్లుగా మారిన ఇళ్ల మీద ఒక్కో బంతిపువ్వు. పువ్వులు పెట్టడం అయ్యేసరికి కొందరి ముఖాలు మారాయి, తమ ఇంటి మీది పువ్వు ఒకాయన చెప్పుతో పక్కకు నెట్టాడు, వాళ్ల మనవరాలే తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

మధ్యాహ్నం పిల్లలు ఒక అట్టపెట్టెకు చక్రాలు గీసి అంబులెన్సని గల్లీల్లో తిప్పారు. మెయిన్ రోడ్డు మీద జామ్ అయినప్పుడు డ్రైవర్లు మన లోపలి తొవ్వే పడతారు కదా, ఆ తొవ్వలోనే తిప్పారు. మూడో గల్లీ మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అట్టపెట్టె ఇరుక్కుంది. పిల్లలు నవ్వారు గానీ అక్కడ నిలబడ్డ పెద్దవాళ్లెవరూ నవ్వలేదు, ఎందుకంటే నిజం అంబులెన్సు కూడా అక్కడే వెనక్కీ ముందుకూ ఆడుతుంది. ఆసుపత్రి పైన హెలిప్యాడ్ వస్తుందని శంకుస్థాపన నాడు చెప్పారు. పైన హెలికాప్టర్ దిగే రోజు వస్తుందో లేదో గానీ కింద అంబులెన్సు మలగాలి కదా! ఆ రోజు వచ్చిన ఒక ప్లానింగ్ ఉద్యోగి ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నారు, ఆయన పైవాళ్లు ఎవరూ రాలేదు. అయితే కరెంటు వాళ్లు నెల తిరిగేలోపు వచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌ను గోడ వైపు జరిపారు. ఏడాది మొత్తంలో పూర్తిగా తేలిన పని అదొక్కటే.

2024 నవంబర్‌లో వరంగల్ మాస్టర్ ప్లాన్ 2041కు ప్రభుత్వ ఆమోదం వచ్చింది. దశాబ్దాల నాటి పాత ప్లాన్‌తో నెట్టుకొచ్చిన ఊరికి ఇది పెద్ద విషయమే. దాని వెనకే మనం వినతిపత్రం ఇచ్చాం. మొదటిది, ఆసుపత్రి ప్రాంగణంలోనే అటెండెంట్లకు రాత్రి బస, స్నానాల గదులు, చవక భోజనం. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర 5 రూపాయల భోజనం 2022లోనే మొదలైంది, ఇక్కడ ఎందుకు వద్దు? రెండోది, సిబ్బందికి కిరాయి ఇళ్లు. 2024లో వచ్చిన పీఎం ఆవాస్ పట్టణ రెండో విడతలో సరసమైన కిరాయి ఇళ్లకు విడిగా ఒక విభాగమే ఉంది, సొంతిల్లు ఇచ్చే పథకం ఒక్కటే కాదది. ఆ దారిలో ప్రభుత్వ జాగాలో నర్సులకు, పారిశుధ్య సిబ్బందికి గదులు కడితే మన ఇళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది, వాళ్ల జీతంలో సగం కిరాయికి పోకుండా ఉంటుంది. పార్కింగ్ ఆసుపత్రి గేటు లోపలే ఉండాలని, నాలా వెడల్పు తేల్చిన తర్వాతే కొత్త హాస్టళ్లకు ఒప్పుకోవాలని కూడా రాశాం.

జవాబు? ఒక ఆఫీసులో ఇది మా పరిధి కాదు, పక్క ఆఫీసుకు పొండి అన్నారు, పక్క ఆఫీసువాళ్లు మళ్లీ ఇటే పంపారు. ఫైలు కదిలించిన సారుకు ట్రాన్స్‌ఫర్ అయింది, కొత్త సారు మొదటి నుంచి చెప్పమన్నారు. రసీదు కాపీలు భద్రంగా ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చూపిస్తాను.

చెత్త సంగతి కూడా చెప్పాలి. ఒక ల్యాబు నుంచి వాడిన సిరంజీలు మామూలు చెత్త ఆటోలోకి వస్తుంటే పట్టుకున్నాం. 2016 నిబంధనల ప్రకారం ఆసుపత్రి వ్యర్థాలు మున్సిపల్ చెత్తలో కలపకూడదు, శుద్ధికి పంపకుండా 48 గంటలు దాటి ఉంచుకోకూడదు. యజమానికి కాగితం చూపించాక ఇప్పుడు పసుపు, ఎరుపు సంచులు కనబడుతున్నాయి. ఎన్నాళ్లో చూడాలి.

కృతజ్ఞతలు చాలామందికి చెప్పాలి. ముగ్గు వేసిన అక్కలకు, పిండి ఉచితంగా ఇచ్చిన కిరాణా షాపాయనకు, ఆ రోజు అందరికీ సర్వపిండి చేసి పెట్టిన రెండో గల్లీ అమ్మకు, వినతిపత్రం టైపు చేసిన రిటైర్డ్ సారుకు, పొద్దున డ్యూటీ దిగి నిద్ర మానుకుని వచ్చి మాట్లాడిన ఇద్దరు స్టాఫ్ నర్సులకు, అట్టపెట్టె పిల్లలకు. అధ్యక్షులు, కోశాధికారి ఎప్పుడు పిలిచినా వచ్చారు. కార్యవర్గంలో మిగతావాళ్ల గురించి ఏం రాయను, గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టడానికి మాత్రం పోటీ పడతారు, కలెక్టరేట్‌కు పోదాం రండి అంటే ఆ రోజే అందరి ఇళ్లల్లో చుట్టాలు. యువజన విభాగం ఫ్లెక్సీలో ఉంది, పనిలో లేదు.

పద్దులు కోశాధికారి విడిగా పంచారు, ఆడిట్ అయింది, నోటీసు బోర్డు మీద కూడా ఉన్నాయి. ఖర్చు వసూలు కంటే కొంచెం ఎక్కువే, ఆ తేడా పాత నిల్వలోంచి తీశాం. చందా బాకీ ఉన్నవాళ్లు సమావేశం నాడు కట్టండి, బాకీ ఉంటే ఓటు లేదు.

సమావేశంలో ఒక తీర్మానం పెడుతున్నాం. హాస్టల్‌గా, రోజు కిరాయి రూములుగా నడిపే ప్రతి ఇంటి యజమాని ఎంతమంది ఉంటున్నారో, సెప్టిక్ ట్యాంకు ఎంతదో సంఘానికి రాసివ్వాలి. మనం మన లెక్క చెప్పకుండా ఆఫీసులను లెక్క అడిగితే వాళ్లు మన బంతిపువ్వులనే మనకు చూపిస్తారు. దీని మీద గొడవ అవుతుందని తెలుసు, అందుకే చాయ్ తీర్మానం తర్వాత పెట్టించాం.

ఇట్లు,
కార్యదర్శి